నెమలిగుండు దారిలో తరిగిపోయిన సంచి

మా ముత్తాత పెదచెన్నమనాయనివారు తొమ్మిది గ్రామాలకు మిట్టదారు. ఆ తొమ్మిది ఊళ్ళ శిస్తు మా వాకిట్లో జమ అయ్యి, మా ముద్రతోనే సర్కారుకు వెళ్ళేది. ఆయన కొడుకు, అంటే మా తాత, రంగప్పనాయనివారు కచేరీ అరుగు మీద కూర్చుని ఉంటే, వీధిలో పోయేవాళ్ళు చెప్పులు చేతబట్టుకుని దాటిపోయేవారట. అది న్యాయమా అన్యాయమా అని నేను తీర్పు చెప్పబోవడం లేదు, జరిగింది చెబుతున్నాను. మా నాయన కాలానికి మిట్టలు రద్దయ్యాయి. నేను మదనపల్లెలో ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను. మేడ మీద అద్దె ఇంట్లో ఉంటాను. అయినా ఇస్త్రీ లేని చొక్కాతో నేను వీధిలోకి దిగడం ఇంతవరకు ఎవరూ చూడలేదు.

మిట్ట పోయినా మా ఇంట్లో ఒక కట్టుబాటు నిలిచింది. ఎవరి దగ్గరా ఏదీ ఊరికే పుచ్చుకోకూడదు. ఎవరైనా ఏదైనా ఇస్తే, వాళ్ళను విడిచి కదిలేలోపల మన చేతినుంచి వాళ్ళ చేతికి ఏదో ఒకటి వెళ్ళాలి. డబ్బు ఇవ్వకూడదు, ఇస్తే అది బేరం అవుతుంది. ఒకరు మనకిచ్చినదాన్ని ఇంకొకరికి తిప్పి ఇవ్వకూడదు, అది పిసినారితనం. మన సొంత వస్తువే ఇవ్వాలి. బంధువులకు ఈ కట్టుబాటు లేదు. ఉంటే మా వంశంలో పెళ్ళిళ్ళే జరిగేవి కావు. నా పిల్లలకు అక్షరాల కంటే ముందు దీన్ని నేర్పాను.

ఈ దసరా సెలవుల్లో పిల్లలతో కుప్పం వైపు ఒక కొండ ఎక్కివచ్చాము. చిన్నపిల్లలతో కొండకు పోవాలనుకునేవారికి పనికివస్తుందని రాస్తున్నాను. ఏమేం తీసుకుపోవాలో నేను బాగానే చెప్పగలను. వాటిని కొండదాకా ఎలా కాపాడుకోవాలో మాత్రం నన్ను అడగవద్దు.

మదనపల్లె: ఏ కొండ?

నా కూతురు మేఘనకు ఎనిమిదేళ్ళు. పోయిన ఏడాది జామచెట్టు మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు, అతుక్కున్నాక తీసేశారు. ఎముక కుదిరింది గాని పిల్ల కుదరలేదు. మా మేడమెట్లు కూర్చుని ఒక్కొక్కటే జరుగుతూ దిగేది. బడిలో ఆటల గంట కొట్టగానే తరగతిలో కిటికీ పక్కన కూర్చునేది. కుంటి నడక అలవాటై, ఎవరైనా చూస్తే ఇంకొంచెం కుంటేది.

సెలవులకు ముందు డాక్టరు ఎక్స్‌రే ఫోటో చూసి, "ఎముక ఇనుము మాదిరి ఉండాదప్పా. పాపకే నమ్మకం లేదు. మీరు ఎత్తుకునేది మానేయండి. నడిపించండి, ఎక్కించండి, కాలుందనే సంగతి మర్చిపోవల్ల" అన్నాడు.

ఎక్కించాలంటే మాకు హార్స్లీహిల్స్ ఉంది, బి.కొత్తకోట దారిలో, ఇంటి పక్కనే అన్నట్టు. నా భార్య సునంద పుట్టిల్లు కూడా ఆ పక్కే. ఆమె అదే అంది. మేఘన వెంటనే, "దానికి బస్సు పైదాకా పోతాది గదా. బస్సులోనే పోదాం" అంది. దాంతో ఆ కొండ కొట్టుకుపోయింది. బండి ఎక్కే కొండ మీద పిల్ల కాలు కిందపెట్టదు.

అప్పుడు నాకు నెమలిగుండు గుర్తొచ్చింది. కుప్పం అవతల, రోడ్డు లేని చిన్న కొండ. మా తాత అక్కడికి వేటకు వెళ్ళేవాడని విన్నానే తప్ప నేనెప్పుడూ చూడలేదు. అక్కడైతే నడవక తప్పదు. మేఘన చాలాసేపు ఆలోచించి ఒప్పుకుంది, ఒక షరతు మీద.

"నన్ను ఎవరూ ఎత్తుకోకూడదు. అమ్మా లాగకూడదు, నాన్నా తొయ్యకూడదు. ఎత్తుకుంటే ఎక్కినట్టు కాదు."

ఆ మాటకు నాకు ఒళ్ళు పులకరించింది. సునంద మాత్రం, "ఇది మీ తాతే" అని నిట్టూర్చింది. పిల్ల మధ్యలో కూలబడితే ఏమిటన్నదే మా ఇద్దరి బెంగ. ఈసారి ఓడిపోయి వచ్చిందంటే మళ్ళీ కొండ మాట, ఆటల మాట వినదని మాకు తెలుసు.

సన్నాహం మొదలుపెట్టాము. పొద్దున్నే పిల్లల్ని టమోటా మార్కెట్ దాకా నడిపించేవాళ్ళం. కొత్త బూట్లు కొండ మీద కరవకుండా ఉండాలంటే ముందే ఊళ్ళో కరిపించుకోవాలి. ఆ వారం టమోటా కిలో పన్నెండుకు పడిపోయి రైతుల ముఖాలు బాగాలేవు. అయినా ప్లాస్టిక్ బాక్సుల గోడల మధ్య నడిచే పిల్లల్ని చూసి నవ్వేవాళ్ళు. బూట్లు కొన్నది జిలానీ సాబ్ కొట్లో. ఆయన మా తేజకు, వాడికి నాలుగేళ్ళు, ఒక విజిల్ ఊరికే ఇచ్చాడు.

"అడవిలో తప్పిపోతే ఊదాల, సమఝ్ అయ్యిందా? ఊదితే నాయన వస్తాడు."

నేను నా జేబులోని పెన్ను తీసి ఆయనకిచ్చాను. "అరె, క్యా సార్, రెండ్రూపాయల సీటీకి ఇంత పెన్నా?" అన్నాడు. మా కట్టుబాటు చెప్పాను. ఆయన పెన్నును చెవి వెనక పెట్టుకుని, "అయితే బూట్లు గూడా ఊరికే ఇచ్చుండాల్సింది. స్కూటర్ వచ్చేది" అన్నాడు.

సంచిలో నేను సర్దినవి ఇవి: మంచి తువ్వాలు, ఫ్లాస్కు, టార్చి, గొడుగు, బండలు ఎక్కడానికి గట్టి నైలాన్ తాడు. సునంద వేరే సంచిలో మందులు, నీళ్ళ సీసాలు, తిండి డబ్బాలు పెట్టుకుంది.

"ఇది నా సంచి. దీంట్లో మీ తాతలకు భాగం లేదు" అంది.

పుంగనూరు బస్సులో

మొదటి రోజు మజిలీ పుంగనూరు. పిల్లలతో ఒక్క రోజులో కుప్పం దాకా పోయి అలిసిపోవడం నాకు ఇష్టం లేదు. సునంద వాళ్ళ పిన్నమ్మ పుంగనూరులో ఉంది.

ఊరు దాటిన కాసేపటికి మా తేజ విజిల్ ఊదాడు. ఆర్టీసీ బస్సులో విజిల్ ఊదితే ఏమవుతుందో నేను ముందే ఆలోచించి ఉండాల్సింది. డ్రైవరు బస్సును పక్కకు తీసి ఆపేశాడు. టికెట్లు కొడుతున్న కండక్టరు ఒక సీటు మీద పడబోయి నిలదొక్కుకున్నాడు.

"ఎవురప్పా విజిలేసింది? నేనా? నేనేసినానా?"

"దిగేదెవురు? బిన్నా దిగండి!" అని ముందునుంచి డ్రైవరు.

నేను లేచి నిలబడి క్షమాపణ చెప్పబోతుండగా, కూరగాయల గంపతో ఉన్న ఒకామె గబగబా ముందుకు వచ్చింది. "నేనే, నేనే దిగేది. చౌడేపల్లె ఆటోలు ఈడ్నే గదా నిలిచేది. నిలపమంటే మీరెప్పుడన్నా నిలిపినారా? ఈ బిడ్డ బంగారట్ల నిలిపినాడు" అంటూ గంపలోంచి నాలుగు లేత దోసకాయలు తీసి తేజ ఒళ్ళో పడేసి దిగిపోయింది.

నాకు వ్యవధి లేదు. బస్సు కదులుతోంది. కిటికీలోంచి తువ్వాలు ఆమె గంప మీదికి విసిరాను. ఆమె దాన్ని ఎత్తి చూపుతూ, "ఓ అప్పా, నీ తువాలు పడిపాయ!" అని అరుస్తూ కొంత దూరం బస్సు వెంట వచ్చింది. పడిపోలేదు, ఇచ్చాను అని చెప్పడానికి వీలు లేకపోయింది.

"ఒకటి పాయె" అంది సునంద, దోసకాయ కొరుకుతూ.

పుంగనూరు: వంశం గల ఆవు

పిన్నమ్మ ఇంటి పక్కన మంగమ్మ అనే ఆమె రెండు పుంగనూరు ఆవుల్ని పెంచుతోంది. ఈ ఆవుల్ని చూడనివారి కోసం చెబుతున్నాను: పెద్ద ఆవే వచ్చి మా తేజ పక్కన నిలబడితే ఇద్దరి కళ్ళూ ఒక ఎత్తులో ఉన్నాయి.

"నాన్నా, ఇది పాపాయి ఆవా?"

"పాపాయి గాదు నాయినా, నాలుగు ఈతలు ఈనింది. నీకు అవ్వ అయితాది" అంది మంగమ్మ. తర్వాత మేము అడగకుండానే మొదలుపెట్టింది. "దీని పేరు రాజీ. దీని అమ్మ గౌరి. గౌరి అమ్మ సుబ్బులు. సుబ్బులు మా అత్త పుట్టింటినుంచి వచ్చింది. ఆ తల్లి పాలు అభిషేకానికి తప్ప యాడికీ పొయ్యేవి గాదు."

నేను నిలబడే అంతా విన్నాను. మూడు తరాలు తడుముకోకుండా చెప్పగల మనిషి ఈ రోజుల్లో దొరకడం అరుదు. నేనూ మా తొమ్మిది గ్రామాల సంగతి చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "మీకిప్పుడు ఎన్ని ఉండాయి?" అని అడిగింది. ఊళ్ళేవీ లేవన్నాను. "ఊళ్ళు గాదప్పా, ఆవులు" అంది. అవీ లేవన్నాను. పాపమన్నట్టు చూసింది.

మదనపల్లెలో మాకు పాలంటే పొద్దున గేటుకు వేలాడే ప్యాకెట్. పుంగనూరులో ఆ వీధి వీధంతా ఎవరి ఆవు ఎప్పుడు ఈనుతుందో చెప్పగలరు. రెండో ఆవు అప్పుడే ఈనింది కాబట్టి మంగమ్మ మాకు జున్ను చేసి తెచ్చింది. బెల్లం, మిరియాలు, ఏలకులు వేసిన జున్ను. పిల్లలు గిన్నె నాకారు. నేను ఫ్లాస్కు ఇచ్చాను. ఆమె మూత తీసి, లోపలికి తొంగిచూసి, "దీంట్లో పోస్తే జున్నుపాలు చెడిపోతాయేమో" అని అనుమానపడింది గాని పుచ్చుకుంది.

ఆ సాయంత్రం ఒక చిన్న సంగతి జరిగింది. రాజీని దొడ్లోంచి తొట్టి దగ్గరకు తోలుకుపోయే పని మేఘన అడిగి తీసుకుంది. ఆవు మూపురం సరిగ్గా దాని చేతికి అందే ఎత్తు. మూపురం మీద చెయ్యేసి, ఆవుతో ఏదో చెబుతూ, దొడ్డి చుట్టూ తిరిగింది. కుంటలేదు. నేను నోరు తెరవబోతే సునంద నా మోచేయి గిల్లింది. ఇద్దరం అటు తిరిగి ఎండిన పిడకలను చూస్తూ నిలబడ్డాము. తిరిగి పిన్నమ్మ ఇంటి మెట్ల దగ్గరకు రాగానే పిల్ల మళ్ళీ కూర్చుని జరగడం మొదలుపెట్టింది.

కుప్పం: ముద్దకు మూడు పేర్లు

మరునాడు పలమనేరు మీదుగా కుప్పం. ఈ ఊళ్ళో ఒక వీధి మొదట్లో తెలుగులో బేరం మొదలైతే చివరికి తమిళంలో తెగుతుంది, చిల్లర కన్నడంలో ఇస్తారు. బోర్డులూ అంతే. మధ్యాహ్నం భోజనానికి ఒక చిన్న హోటల్లో కూర్చున్నాము. ఫుల్ మీల్స్ తొంభై. పిల్లలకు అరటాకు సగం చించి వేశారు, డబ్బులూ సగమే తీసుకున్నారు. మదనపల్లెలో పిల్లలు తిన్నా తినకున్నా ఆకు ఆకే.

"రాగిది ఏమైనా ఉందా?" అని అడిగాను.

"సంగటి ఉండాది, ముద్ద ఉండాది, కళి ఉండాది సార్" అన్నాడు వడ్డించే మనిషి.

"ఏది బాగుంటుంది?"

"మూడూ ఒకే కుండలోది సార్. వచ్చినోళ్ళు యా పక్కోళ్ళో సూసి పేరు చెప్తాం. మిమ్మల్ని సూస్తే తెలీలేదు, అందుకని మూడూ చెప్పినా."

నన్ను చూస్తే తెలియకపోవడం నాకు కొంత కష్టంగానే అనిపించింది. సంగటి మాత్రం బాగుంది. మాకు శెనగవిత్తనాల ఊరిబిండితో తినడం అలవాటు. ఇక్కడ అలసంద పులుసు పోశారు. తేజ రెండు ముద్దలు మింగి, నమలకూడదని ఎవరూ చెప్పకుండానే తెలుసుకున్నాడు.

హోటల్ బయట పూలమ్మే ఆమె మేఘన జుట్టు చూసి, "ఇంత జడ పెట్టుకోని బోడిగా పోతాండావే" అని మూర కనకాంబరాలు తురిమింది. డబ్బు ఇస్తే తీసుకోలేదు. నేను సంచిలో చెయ్యి పెట్టేలోపల మేఘనే తన జుట్టు క్లిప్పు తీసి ఆమె చేతిలో పెట్టింది. నా ఛాతీ ఒక అంగుళం పెరిగింది.

"వంశం" అన్నాను సునందతో.

"జుట్టు కళ్ళల్లో పడతాది రేపు, వంశానికి" అంది ఆమె.

మరుసటి రోజు మమ్మల్ని కొండ దగ్గర దించడానికి గోవిందప్ప అనే ఆటో ఆయన్ను మాట్లాడుకున్నాము. ఈ పక్క కొండకు పోయేవారు ముందుగా అడగాల్సింది దారి గురించి కాదు, ఏనుగుల గురించి. గోవిందప్ప ఫోను తీసి చూపించాడు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళందరూ ఉన్న వాట్సాప్ గ్రూపు.

"గుంపు మొన్ననే తమిళనాడు పక్క దాటిపాయ సార్. ఉంటే నేనే తోలుకపోను. మీకంటే నాకు ఆటో ముఖ్యం. పొద్దు బాగా ఎక్కినాంక బయల్దేరండి, పొద్దు వాలకముందే దిగిపోవల్ల."

వాళ్ళింట్లో పట్టుపురుగులు పెంచుతారు. తేజకు ఒక పట్టుగూడు ఇచ్చాడు, చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల పురుగు కదిలే చప్పుడు వినిపిస్తుంది. నేను టార్చి ఇచ్చాను.

"ఇదేంది సార్, గూడుకు టార్చా? మా ఇంట్లో బుట్టలు బుట్టలు ఉండాయి గూళ్ళు. ఇంకో బుట్ట తేనా? ఇంకేముంది సంచిలో?"

"ఇట్ల ఇంకో రెండూళ్ళు తిరిగితే మేం ఆకులు కట్టుకోని కొండెక్కాల" అంది సునంద.

నెమలిగుండు అడుగున

మూడో రోజు పొద్దున కొండ అడుగున దిగాము. రాళ్ళూ సీతాఫలం చెట్లూ తప్ప పెద్ద అడవేమీ కాదు. అక్కడ ఒక పెద్దాయన, చిన్నప్ప, చేనిబావి దగ్గర ఉన్నాడు. మా సీసాలు అప్పుడే సగమయ్యాయని చూసి, బావిలోంచి నీళ్ళు తోడి నింపి ఇచ్చాడు. పిల్లల ముఖాలు కడిగాడు. ఆయన చేదతాడు మూడు చోట్ల ముళ్ళు వేసి ఉంది, ఒక ముడి దగ్గర తెగడానికి సిద్ధంగా ఉంది.

నా సంచిలో మిగిలినవి గొడుగు, తాడు.

"తాడు మాత్రం వద్దండీ" అంది సునంద మెల్లగా. "దాన్ని కొండ కోసం తెచ్చినారు."

ఎండ అప్పుడే కాస్తోంది. పిల్లలకు గొడుగు కావాలి. ఆ బావికి తాడు కావాలి. తాడు ఇచ్చాను. చిన్నప్ప దాన్ని లాగి చూసి, బిందెకు కట్టి, బావిలోకి వదిలి, "ఇది నేను పొయ్యేదాకా వస్తాది సామీ" అన్నాడు. నా మటుకు నాకు మంచి పనే చేశాననిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

మా ఇంట్లో పెద్దవాడి ముందు ఎవరూ నడవరు. ఆ రోజు మాత్రం మేఘనను ముందు పెట్టాము. పిల్లలతో కొండెక్కేటప్పుడు అందరికంటే మెల్లగా నడిచేవాళ్ళు ముందుండాలి. వెనక ఉంటే తాము వెనకబడ్డామని తెలుసుకుంటారు, ముందుంటే అందరూ తమ వెనక వస్తున్నారనుకుంటారు. నీడ కనబడినచోటల్లా కూర్చున్నాము. కూర్చున్నప్పుడల్లా ఒక పప్పుచెక్క, రెండు గుక్కల నీళ్ళు. మేఘన కాలు ఈడుస్తూనే ఉంది గాని ఆగలేదు. తేజ విజిల్ ఊదాడు, పొదల వెనక మేస్తున్న మేకలన్నీ చెల్లాచెదరయ్యాయి.

"యా సచ్చినోడప్పా అది!" అని పొద వెనకనుంచి ఒకామె లేచింది. మునెమ్మ. నలభై ఏళ్ళుంటాయి, చేతిలో కొంకి కర్ర. తేజను చూసి తిట్టు మింగేసింది. "బిడ్డా? బిడ్డయితే ఊదుకో. మేకలు యాడికి పోతాయి, వస్తాయి."

పిల్లలకు పండిన సీతాఫలాలు నాలుగు కోసిచ్చింది. నేను గొడుగు ఇచ్చాను. మొదట వద్దంది. తర్వాత తెరిచి, తల మీద పట్టుకుని, నీడను చూసుకుని, "బాగుండాది" అంది. మా వెంటే పైకి బయల్దేరింది. "మేకలు గూడా పైకే పోయినాయి గదా, ఈ పిల్లగాడి పుణ్యాన."

ఆ విధంగా మేఘన, దాని వెనక నల్లగొడుగుతో మునెమ్మ, ఆమె వెనక మేము. మా తాతలు చూస్తే గొడుగు ఎవరి మీద ఉందో చూసి ఏమనుకునేవారో. నా సంచి ఖాళీ. మడిచి చంకలో పెట్టుకున్నాను.

బండ

శిఖరానికి కొంచెం ముందు ఒక బండ అడ్డం వస్తుంది. ఏనుగు వీపులా నున్నగా, ఏటవాలుగా. ఎప్పుడో ఎవరో కాలు పెట్టడానికి గూళ్ళు చెక్కారు, పెద్దవాళ్ళ అంగకు తగినట్టు. తాడు ఇక్కడికే తెచ్చాను.

మునెమ్మ గొడుగు ముడవకుండానే ఎక్కేసింది. సునంద తేజను చంకనేసుకుని ఎక్కింది. తర్వాత మేఘన, దాని వెనక నేను. మొదటి గూళ్ళు బాగానే ఎక్కింది. చివరి గూడు దూరమైంది. కాలు పూర్తిగా చాస్తేనే అందుతుంది, దానికి విరిగిన కాలిని నమ్మాలి. పిల్ల అక్కడ బల్లిలా అతుక్కుపోయి ఆగింది.

"నేనొస్తా ఉండు" అని పైనుంచి సునంద తేజను మునెమ్మకు ఇవ్వబోయింది. వాడు మెడ వదలలేదు.

"వద్దమ్మా! నువ్వు లాగితే లెక్కలేదు" అని మేఘన.

మునెమ్మ బండ అంచున బోర్లా పడుకుని, ఒక చేతిలో గొడుగు అట్లాగే ఉండగా, రెండో చెయ్యి కిందికి చాచింది. "నా సెయ్యి పట్టుకో పాపా. కాలు సాపు."

మేఘన చెయ్యి సగం లేచి ఆగింది. తర్వాత తన జేబు తడుముకుంది. మెడ తిప్పి నన్ను చూసింది.

"నాన్నా, ఏమిచ్చేది?"

నాకు మొదట అర్థం కాలేదు.

"ఆమె చెయ్యి ఇస్తాంది గదా. నా దగ్గర ఏమీ లేదు. క్లిప్పు గూడా ఇచ్చేస్తిని. పూలు ఇంకొకరు ఇచ్చినవి."

"ఏంది బిడ్డా, బేరమాడతాండావు?" అంది మునెమ్మ. "నా రొమ్ము కింద బండ కాలతాంది. రా బిన్నా."

పిల్ల కదలలేదు. భయంతో ఆగిందనుకుని దాన్ని ఎలా ఉత్సాహపరచాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను. అది ఆగింది భయంతో కాదు. నేను చెప్పిన మాట మీద ఆగింది. మా తాతకు మా ముత్తాత చెప్పిన మాట, మా నాయన నాకు చెప్పిన మాట. ఆ గొలుసును తెంచినవాడు ఇంతవరకు లేడు.

"ఊరికే పట్టుకో తల్లీ" అన్నాను.

"ఊరికేనా?"

"ఊరికే."

"ఏమన్నారు?" అని పైనుంచి సునంద కేకేసింది. "ఏమన్నారు, మళ్ళా చెప్పండి, ఈడికి వినపడలా!"

మేఘన ఇంకొక్కసారి నన్ను చూసింది, నేను ఎగతాళి చేయడం లేదని తెలుసుకోవడానికి. చెయ్యి పైకెత్తి మునెమ్మ మణికట్టు పట్టుకుంది. ఆ కాలు, ఏడాదిగా అది మంచం మీద దిండు పెట్టి దాచుకున్న కాలు, పూర్తిగా చాచి గూట్లో పెట్టింది. దాని మీద బరువంతా వేసి లేచింది. బండ మీదికి పోయింది.

తర్వాత నేను. నా అంగకు గూళ్ళు సరిపోవాలి. కాని ఆ రోజు నా బూట్లు కొత్తవి, వాటి అడుగు నున్నగా ఉంది. చివరి గూట్లో కాలు జారింది. తల ఎత్తి చూస్తే మునెమ్మ చెయ్యి ఇంకా అక్కడే ఉంది.

"నీకు గూడా ఊరికేనే సామీ" అంది.

పట్టుకున్నాను.

నెమలిగుండు మీద

పైన గాలి ధారాళంగా వీస్తోంది. పులిహోర, పెరుగన్నం విప్పాము. మునెమ్మ కొంగుమూటలో సంగటి ముద్ద, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ తెచ్చుకుంది. ఆమె పులిహోర తిన్నది, మేఘన ఆమె సంగటి తిన్నది, ఎవరికీ ఏ లెక్కా గుర్తు రాలేదు. మిరపకాయ కొరికిన తేజ ఏడుస్తూ విజిల్ ఊదాడు.

"ఆ పక్క తమిళం, ఈ పక్క కన్నడం" అని మునెమ్మ కొంకి కర్రతో చూపింది.

"గీత యాడ ఉండాది?" అంది మేఘన.

"మా మేకల్ని అడుగు. అవి మూడు రాష్ట్రాల గడ్డీ తింటాయి."

అప్పుడు ఒక మేకపిల్ల మేఘన దగ్గరున్న సీతాఫలం తొక్క లాక్కుని పరిగెత్తింది. మేఘన దాని వెనకే పరిగెత్తింది. గుండ్ల మధ్యగా, ఒక గుండు ఎక్కి, దూకి, మళ్ళీ ఎక్కి. దూకింది. సునంద నా మోచేయి గిల్లాల్సిన అవసరం లేకపోయింది, నేను ముందే అటు తిరిగి కర్ణాటక వైపు చూడడం మొదలుపెట్టాను. కళ్ళజోడు తుడుచుకోవాల్సి వచ్చింది. గాలి ఎక్కువ అక్కడ.

దిగేటప్పుడు బండ మీద మేఘనా తేజా కూర్చుని జారారు. ఇద్దరి నిక్కర్లూ చిరిగాయి. పిల్లలతో పోయేవారు పాత బట్టలు వేయించండి. కింద మునెమ్మ గొడుగు తిరిగి ఇవ్వబోయింది.

"తీసకపోండి సామీ. దీన్ని పట్టుకుంటే మేకల్ని కాసేదానికి ఒక సెయ్యే మిగల్తాది."

ఇచ్చినది తిరిగి తీసుకోవడం మా ఇంట్లో లేదని చెప్పాను. కట్టుబాటును అంతవరకు సడలించలేను. ఆమె నవ్వి ఇంకో ఆరు సీతాఫలాలు సంచిలో వేసింది. నేను ఆమెకు నమస్కారం పెట్టి, ఏమీ ఇవ్వకుండా ఆటో ఎక్కాను. ఆటో మలుపు తిరిగేదాకా నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

మళ్ళీ మదనపల్లె

ఇంటికి వచ్చాక సునంద నా సంచిని దులిపింది. సీతాఫలం గింజలు రాలాయి. కట్టుబాటును నేను ఎత్తేయలేదు. పన్నెండేళ్ళు నిండనివారికి వర్తించదని సవరించాను. "జారిపొయ్యే బూట్లు వేసుకున్నోళ్ళకు గూడా" అని సునంద చేర్చమంటోంది. ఆలోచిస్తున్నాను.

బడి తెరిచిన రోజు మేఘన మేడమెట్లు రెండేసి చొప్పున దిగిపోయింది. కింది వాటా ఆయన చప్పుడెక్కువైందని పైకి వచ్చి చెప్పాడు. ఆయన్ను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను.

ఆ కాలికి ఆపరేషన్ చేయించడానికి, మిట్ట మొత్తంలో మాకు మిగిలిన రెండెకరాలను, రామసముద్రం దగ్గర చెరువు కింది భూమిని, పోయిన ఏడాది అమ్మేశాము. కొన్నవారు అందులో టమోటా వేశారు.